శాపం కాదు, ఉప్పు

మ్యూజియంలో అందరూ ఆమెను పలకలమ్మ అనేవారు. మూడు వేల ఏళ్ల కిందటి మట్టిపలకల మీది గీతలు చదవగలిగింది ఆ భవనంలో ఆమె ఒక్కతే. ఇరవై ఆరేళ్లు కిటికీ పక్కన భూతద్దంతో కూర్చుని కళ్లు పోగొట్టుకున్నంత పని చేసింది.

ఆ పలకల్లో రాజుల గొప్పలేవీ లేవు. ఎక్కువగా రైతుల మొరలు, ఊరి లెక్కలు. కాలువ నీరు పారిన చేలో తెల్లగా ఉప్పు పేరుకుంటోందని, విత్తనం మొలవడం లేదని, ఎవరైనా వచ్చి చూడమని ఒకే రైతు పదకొండు సార్లు రాయించాడు. అధికారుల జవాబు ప్రతిసారీ ఒకటే: "పరిశీలిస్తున్నాం." పన్నెండో పలక లేదు. మరో నలభై ఏళ్లకు ఊరే లేదు.

ఒక ఆదివారం మ్యూజియంలోనే ఉపన్యాసం ఇచ్చింది. పట్టుమని పదిమంది లేరు. వాళ్లలో ఒక టీవీ అమ్మాయి.

"వాళ్లకి ఉప్పు కనబడింది, చెప్పారు కూడా. వినేవాడే లేడు. మా తమ్ముడి వీధిలో బోరు నీళ్లు రెండేళ్లుగా ఉప్పగా వస్తున్నాయి. మనమూ పరిశీలిస్తూనే ఉన్నాం" అంది పలకలమ్మ.

టీవీలో వచ్చింది పన్నెండు సెకన్లు. "ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది" అన్న ఆమె మాట, వెనక ఉరుముల చప్పుడు, కింద ఎర్రటి అక్షరాల్లో "ఏమిటా శాపం?"

ఆమె అసలు మాటలు చెవిన వేసుకున్నవాడు తమ్ముడొక్కడే. ఎవరి ద్వారా తెలిసిందో, ఫోన్ చేశాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, మా వీధి మాట ఇంకెక్కడా ఎత్తకు. రేపు ఇల్లు అమ్ముదామంటే ఎవడు కొంటాడు?"

"మరి ఆ నీళ్లే తాగుతున్నారా?"

"లేదులే, డబ్బాలు తెప్పించుకుంటున్నాం."

"ఆ రైతుకి ఆ దారి కూడా లేదురా" అనేలోపే ఫోన్ పెట్టేశాడు.

టీవీలో చూసి జనం మ్యూజియంకి ఎగబడ్డారు. డైరెక్టర్ పొగ, ఎర్రదీపాలు పెట్టించి 'శాపనగరం' అని ఒక గది తెరిచాడు.

"జనం రావాలంటే కాస్త మసాలా ఉండాలి కదా మేడమ్!"

"కూర ఉంటే కదా సార్, మసాలా వేయడానికి! అక్కడ నా పేరు తీసేయండి."

పేరు తీసేశాడు. రైతు పలకలు కూడా తీయించి నేలమాళిగలో పడేయించాడు. చూడ్డానికి భయంగా ఉందని నిలువునా పగిలిన ఒక్క పలకను మాత్రం అద్దాల పెట్టెలో ఉంచి, పక్కన 'శాపపత్రం' అని రాయించాడు.

ఒకనాడు ఓ తల్లి దాని ముందు పిల్లను ఎత్తుకుని వణికిపోతుంటే పలకలమ్మ ఉండబట్టలేకపోయింది.

"భయపడకమ్మా, ఇది మేకల జాబితా. ఎవరింట్లో ఎన్ని మేకలున్నాయో రాసుకున్నారు."

ఆ తల్లి ముఖం చిన్నబోయింది. వెళ్తూ వెళ్తూ, సరదా అంతా పాడుచేశారని ఫిర్యాదు రాసి మరీ వెళ్లింది. మర్నాటి నుంచి పలకలమ్మకు ఆ గదిలోకి ప్రవేశం లేదు.

ఆ ఏడే ఆమె పదవీ విరమణ చేసింది. ఆ కుర్చీలోకి మళ్లీ ఎవరినీ తీసుకోలేదు. చదవని పలకలు ఇంకా నాలుగు వందలు పెట్టెల్లోనే ఉన్నాయి. దారిలో ఎవరైనా ఆపి, "మిమ్మల్ని టీవీలో చూశామండీ, ఆ శాపం గురించి చెప్పారు!" అంటే, "నేను కాదండీ" అని పక్కకు తప్పుకుంటుంది.