సత్తెమ్మ గారి మెట్టతామర మడి

బ్లీచింగ్ పౌడర్ వాసన తగిలితే అందరికీ శుభ్రత గుర్తొస్తుందేమో, నాకు మాత్రం కడుపుమంట మొదలవుతుంది. ఈ ఉదయం మా వీధి కాలువ పక్కన తెల్లగా చల్లి వెళ్ళారు. కిటికీ మూసుకున్నాను. అయినా సత్తెమ్మ గారు గుర్తొచ్చారు.

డిప్లొమా పూర్తిచేసి గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా నేను చేరిన మొదటి ఊరు అన్నవరానికి ఇవతల, మెట్టలో ఉంది. గోదావరి జిల్లా అంటే కాలువలే అనుకుంటారు గానీ ఆ ఊరికి కాలువ లేదు. ఎండాకాలం బోర్లు గాలి కక్కేవి. ఇళ్ళలో స్నానాలకూ గిన్నెలకూ వాడిన నీళ్ళు ఊరి చివర తొట్టిలో తేరుకుని, మెట్టతామరలు నాటిన కంకర మడిలోంచి మెల్లగా పారి, శుభ్రపడి గడ్డిచేలోకి వెళ్ళేవి. వేసవిలో ఊరి గేదెలకు పచ్చగడ్డి అదొక్కటే. మడిని చూసుకునేది పంచాయతీ పారిశుధ్య కార్మికురాలు. ఊళ్ళో అందరికీ ఆవిడ సత్తెమ్మే. 'గారు' అని నేను చేర్చడం చాలా తర్వాతి సంగతి. దోసిట్లో నీళ్ళు పట్టి వాసన చూసి, "ఇయ్యాల బానే ఉన్నాయండి" అంటే చాలు, రైతులు గడ్డిచేలోకి మడవ తీసి నీళ్ళు వదిలేవారు. నేను నీటి పరీక్షపెట్టె ముందేసుకుని అంకెలన్నీ చెబితే, "సత్తెమ్మ చూసిందాండి?" అని అడిగేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"నీళ్ళని తొందరపెట్టకూడదు బాబూ. రాయిరాయినీ పలకరించుకుంటా ఎల్లాలి," అన్నారొకసారి సత్తెమ్మ గారు. ఆ మాట రాసుకుని, మండల సమావేశంలో నాదిగా చెప్పాను.

జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తున్నారన్నారు. ఈసారి మెప్పు నాకే దక్కాలనుకున్నాను. కంకరకు పట్టిన నల్లటి జిగట చూడ్డానికి బాగోదని, సత్తెమ్మ గారు కూతురింటికి వెళ్ళిన రోజున రెండు బస్తాల బ్లీచింగ్ కలిపి పోయించాను. మురుగును తినేసేది ఆ జిగటలోని సూక్ష్మజీవులేనని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, అయినా పోయించాను. రాళ్ళు ధగధగలాడాయి. ఆవిడ తిరిగొచ్చి దోసిలి పట్టి వాసన చూసి, నా వంక చూశారు. అధికారి వచ్చేసరికి మడి కంపు కొడుతోంది, ఆకుల అంచులు మాడిపోయాయి.

"ఎవరు చేశారిది?" అన్నారాయన. నా ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు.

"నేనేనండి. తెలీక ఏసేశానండి," అన్నారు సత్తెమ్మ గారు.

ఆయన అందరి ముందూ ఆవిణ్ణి తిట్టి వెళ్ళారు. నేను దగ్గరికెళితే కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "మీ ఉజ్జోగం కొత్తది బాబూ. నాకు తిట్లు పాతయ్యే. పదండి, తోడెయ్యాలి."

పక్క ఊళ్ళోని అలాంటి మడి నుంచి నల్లటి అడుసు బకెట్లతో మోసుకొచ్చి, పాలలో తోడు వేసినట్టు కంకరలో పోశాం. నీళ్ళు తేటపడడానికి వారాలు పట్టింది. ఈలోగా గడ్డి ఎండిపోయి ఇద్దరు రైతులు గేదెల్ని అమ్మేసుకున్నారు. చివరికి ఊరు, "చెడగొట్టినా సత్తెమ్మే, బాగుచేసినా సత్తెమ్మే" అంది. సిగ్గుతో చావాల్సినవాణ్ణి, అప్పుడూ అసూయే పడ్డాను. నా తప్పుతో కూడా ఆవిడకే పేరొచ్చింది.

కొన్నేళ్ళకు ఆవిడ పోయారు. నిజం నేనెవరికీ చెప్పలేదు. కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు కూడా, "ఒకావిడ తెలియక బ్లీచింగ్ వేసింది" అనే చెబుతూ వచ్చాను. పోయిన నెల ఒకమ్మాయి, "పాపం, ఆవిడకి ఎవరూ చెప్పలేదాండి?" అంది.

"ఆవిడ కాదమ్మా, వేసింది నేనే," అన్నాను.

నిజం ఒప్పుకున్నందుకు ఎవరైనా మెచ్చుకుంటారేమోనని ఒక్కొక్కరి ముఖమే చూశాను. చేయని తప్పు ఒప్పుకున్న రోజున సత్తెమ్మ గారు ఎవరి ముఖమూ చూడలేదు.