బావి నీళ్ళతో నడిచిన ఇంజను

మా వదిన నన్ను కాలు గాలిన పిల్లి అనేది. సంగారెడ్డిలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పే రోజుల్లో ప్రతి ఆదివారం ఊరికి వచ్చేదాన్ని. వచ్చిన గంటకే మళ్ళీ బస్సు ఎప్పుడుందని అడిగేదాన్ని. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే వాకిట్లోకి, వాకిట్లోంచి పొలానికి. నా కుదురులేనితనం కొంత పుట్టుకతో వచ్చిందే. కానీ ఆ ఎండాకాలం దానికి అసలు కారణం మా అన్న. ఆయన నీళ్ళతో ఇంజను నడుపుతానని పట్టుబట్టి కూర్చున్నాడు.

మా ఊరు పటాన్‌చెరు దగ్గర, లక్డారం నుంచి నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. ఎనభైలు ముగుస్తున్న రోజులవి. మాకున్నదల్లా కాస్త పొలం, దాని నడుమ తాత తవ్వించిన బావి. రాతిమెట్లు దిగి దోసిట పట్టుకుని తాగిన నీళ్ళవి. ఆ నీళ్ళు పోస్తే కందిపప్పు ఇట్టే మెత్తబడుతుందని చుట్టాలు పోతూ పోతూ బిందె నింపుకుపోయేవాళ్ళు. ఊరి పైన ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి, కొన్నేళ్ళకు బావి నీళ్ళు చేదెక్కాయి. పప్పు ఎంత ఉడికినా పలుకు పలుకుగానే ఉండేది. వరి నాట్లు వేసిన కొద్ది రోజులకే పసుపు తిరిగాయి. చూడి బర్రె నెలలు నిండకముందే ఈనింది, దూడ దక్కలేదు. అప్పటినుంచి అన్న పిల్లలతో సహా అందరికీ తాగడానికి ఊళ్ళో చేతిపంపు నీళ్ళు తెచ్చుకుని, బావి నీళ్ళు అంట్లకూ బట్టలకూ వాడుకునేవాళ్ళం.

మా నాయిన దగ్గర దీనికొక మందు ఉంది. "బావిని తోడాలె బిడ్డా. పాత నీళ్ళు మొత్తం పోతే కొత్త ఊట వస్తది. తోడని బావి పాశిపోతది," అనేవాడు. అన్నం పాచిపోయినట్టే నీళ్ళు పాచిపోయాయని ఆయన లెక్క. కానీ తోడడం ఎట్లా? కరెంటు వచ్చేది కాసేపు, పోయేది రోజంతా. ఇంత తోడితే తెల్లారేసరికి అంత నిండేది. పాత కిరోసిన్ ఇంజను ఒకటి ఉంది గానీ, దానికి పోయడానికి కిరోసిన్ ఏది, రేషను షాపులో ఇచ్చేది దీపానికే సరిపోదు. ఈలోగా ఎవరో గోదాము కట్టుకుంటామని పొలం అడుగుతున్నారు. "మిరుగం దాక సూస్త. బావి మంచిగయితే పొలం ఉంటది, కాకుంటే ఇచ్చేస్త," అని నాయిన తేల్చి చెప్పాడు. వానాకాలం మొదలయ్యే ఆ మిరుగం ఎంతో దూరంలో లేదు.

అదిగో, అక్కడ మా అన్న బుర్రలో పురుగు తొలిచింది. ఆయన ఒక ఫ్యాక్టరీలో పైపులు బిగించే పని చేసేవాడు. క్యాంటీన్‌లో ఎవరో చదివిన పేపరు ముక్క చూపించారట. ఎక్కడో ఒకాయన నీళ్ళను విడగొట్టి ఆ గ్యాసుతో మోటారు సైకిల్ నడిపాడని, పెట్రోలు వాళ్ళు అతన్ని తొక్కేశారని అందులో ఉంది. అన్న ఆ ముక్కను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. "మన బావి నీళ్ళే మన బావిని తోడతయి చెల్లె. రూపాయి ఖర్సు లేదు. మిరుగం లోపల బావి ఖాళీ జేస్త," అన్నాడు నాతో. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూస్తే నాకు ఒళ్ళు మండింది. అంత నమ్మకం ఎదురుగా కనిపిస్తే నాకు ఎప్పుడూ అంతే.

"అన్నా, నీళ్ళంటే ఏంది? హైడ్రోజన్ కాలితే మిగిలిన బూడిద. పొయ్యిల బూడిదను మళ్ళ కట్టె జెయ్యాలంటే, కట్టె కాలినప్పుడు ఎంత మంట వచ్చిందో అంత మంట నువ్వు ఎదురు పొయ్యాలె. ఆ కట్టెతోని వండుకుంటే నీకేం మిగుల్తది?"

"బ్యాటరీ విడగొడతది."

"బ్యాటరీని ఎవరు నింపుతరు?"

"ఇంజనుకు డైనమో కడత. అదే నింపుతది."

"ఇంజను డైనమోను, డైనమో బ్యాటరీని, బ్యాటరీ నీళ్ళను, నీళ్ళు ఇంజనును. గుండ్రంగ నిలబడి ఒకని జేబులకెళ్ళి ఒకడు పది రూపాయలు తీస్తే అందరు షావుకార్లయితరా?"

వదిన పకపకా నవ్వింది. ఆమె నవ్వుకు వేరే కారణం ఉంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న స్టీలు పళ్ళేలు రెండు అప్పటికే రేకు ముక్కలై అన్న డబ్బాలో మునిగి ఉన్నాయి. "తిందామంటే తల్లె లేదు, ఈయన నీళ్ళకు తల్లెల వడ్డిస్తుండు," అనేది.

అటువంటి వార్తలు నేను చాలానే చదివాను. అన్నిట్లోనూ ఒకటే తంతు. పెట్టె ఉంటుంది, పెట్టెకు మూత ఉంటుంది, మూత తీయమంటే రహస్యం అంటారు. మూత తీయని మనిషితో వాదించడం సులువు, దొంగ అని లేచి రావచ్చు. మా అన్న మాత్రం అడగకముందే మూత తీసి చూపించాడు. పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో బావి నీళ్ళు, నీళ్ళలో రెండు రేకులు, రేకులకు ట్రాక్టరు బ్యాటరీ తీగలు. బయటి గాలి ఒక గొట్టంలోంచి డబ్బా అడుగుకు పోయి, నీళ్ళలో బుడగలై పైకి లేచి, ఇంకో గొట్టంలోంచి ఇంజనులోకి పోతుంది. అంతే. దాచిందేమీ లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కాదు ఆయన, నాలుగో కాలు నన్నే వెతకమనే రకం.

సరే, ఇంజను నడిచింది. అదీ నా కష్టం. ఆ పాత కిరోసిన్ ఇంజనునే ఎప్పట్లాగే కాస్త పెట్రోలుతో మొదలుపెట్టి, తర్వాత పెట్రోలు కట్టేసి డబ్బా గొట్టం మీదికి మార్చాడు. అది తుమ్మింది, దగ్గింది, ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. పైపులోంచి నీళ్ళు కాలువలో పడ్డాయి. నాయిన కాలువ గట్టు మీద కూర్చుని తలకు చుట్టుకున్న తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడని నాకు తర్వాత అర్థమైంది. కాసేపటికి ఇంజను నీరసపడితే అన్న డబ్బాలో నీళ్ళు పారబోసి బావిలోంచి కొత్త నీళ్ళు పోశాడు. మళ్ళీ అందుకుంది. "సూసినవా? నీళ్ళు తింటుంది. తిన్నది అయిపోతే మళ్ళ పెట్టాలె," అన్నాడు.

ఆ వారమంతా నాకు నిద్ర లేదు. బోర్డు మీద ఏదో రాస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. కిరాయి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగేదాన్ని. కార్బురేటరు గిన్నెలో మిగిలిన పెట్రోలు అనుకున్నాను, కానీ అది అంతసేపు రాదు. గ్యాసు నిజమే, రేకుల దగ్గర బుడగలు నేనే చూశాను, కానీ ఆ కాసిని బుడగలకు చిన్న పిల్లనగ్రోవి కూడా ఊదలేం, ఇంజను ఎట్లా నడుస్తుంది? నేను పిల్లలకు చెప్పేది తప్పా? తప్పైతే నాకెందుకు సంతోషంగా లేదు?

తర్వాతి ఆదివారం అయిదు లీటర్ల డబ్బాలో సంగారెడ్డి నల్లా నీళ్ళు, మంజీర నీళ్ళు, పట్టుకుని బస్సెక్కాను. కండక్టరు డబ్బా చూసి, "ఊరికి నీళ్ళు తీస్కపోతున్నవా మేడం, నీళ్ళకు గూడ టికెట్ కొట్టాల్నా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పటాన్‌చెరు దగ్గరపడుతుంటే బస్సు ఆగినప్పుడల్లా వచ్చే ఘాటుకు అందరూ అలవాటుగా ముక్కు మూసుకున్నారు, బస్సు కదలగానే అలవాటుగా తీసేశారు.

ముందు నా నీళ్ళు పోయించాను. నీళ్ళలో కరెంటు బాగా పారేలా ఉప్పు కూడా కలిపించాను, మళ్ళీ ఉప్పు తక్కువైందన్న సాకు ఉండకూడదని. పెట్రోలు కట్టేశాక గిన్నెలో మిగిలింది కాలిందాకా నడిచి, ఇంజను రెండు దగ్గులు దగ్గి చచ్చింది. "మంజీర నీళ్ళకు బలం లేదు," అన్నాడు అన్న తేలిగ్గా. ఆ నీళ్ళు పారబోసి బావి నీళ్ళు పోశాడు. ఇంజను నడిచింది.

"ఇప్పుడు బ్యాటరీ తీగ తీస్త," అన్నాను. "నీళ్ళు విడిపోయే నడుస్తున్నదంటివి గద. తీగ తీస్తే విడగొట్టేది ఉండదు, ఆగాలె."

"తియ్యి," అన్నాడు ధీమాగా.

తీశాను. ఇంజను ఆగలేదు. వేగం కూడా తగ్గలేదు. బుడబుడమని గాలి బావి నీళ్ళలోంచి పోతూనే ఉంది, పైపు నీళ్ళు పోస్తూనే ఉంది. అన్న ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత ఎగిరి గంతేశాడు. "బ్యాటరీ గూడ అక్కరలేదు! నాయినా, బ్యాటరీ గూడ అక్కరలేదు! ఉత్త నీళ్ళకే నడుస్తుంది!" నాయిన గట్టు మీంచి లేచి నిలబడ్డాడు. వదిన కూడా నవ్వింది, ఈసారి మామూలుగా.

నేను తీగను చేత్తో పట్టుకుని నిలబడ్డాను. వాదనలో గెలిచానని నాకు అప్పుడే తెలుసు. తీగ తీసినా నడిచిందంటే నడిపేది విడిపోయిన నీళ్ళు కావు. మరి ఏది? డబ్బా మూత తీసి ముఖం దగ్గరికి పెట్టుకున్నాను. సైకిల్ పంక్చరు వేసేవాడి దగ్గర సొల్యూషన్ ట్యూబు మూత తీస్తే వచ్చే వాసన. ఆ వాసన బావి దగ్గర ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరం చెప్పలేం. మా వైపు గాలి తిరిగితే వాసన తిరుగుతుంది, ఏ వాసన ఎక్కడిదని ఎవరూ అడగరు.

"వదినా, ఒక తల్లె ఇయ్యి," అన్నాను.

"ఇగ నువ్వు గూడ కొయ్యి, ఉన్నది అదొక్కటే," అంటూనే అన్నం మూట విప్పి పళ్ళెం ఇచ్చింది. బొక్కెనతో బావి పైపైన నీళ్ళు ముంచి పళ్ళెంలో పోశాను. నీడకు పెడితే పైన సన్నటి తెట్టు రంగులు తిరుగుతోంది. నాయిన బీడీ అగ్గిపెట్టె అడిగి తీసుకుని పుల్ల గీశాను.

మంట పళ్ళెం ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకింది. నీలంగా, పొగ లేకుండా. ఎండలో సరిగా కనిపించను కూడా లేదు, పైన గాలి వణకడం వల్ల తెలిసింది. నలుగురం దాని చుట్టూ నిలబడి చూశాం. పైనున్నది కాలిపోయాక మంట తనంతట తానే పోయింది. కింద నీళ్ళు అట్లాగే ఉన్నాయి.

"నీళ్ళు కాలయి అన్నా," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. "నీళ్ళల్ల కలిసింది కాలుతుంది. నీ ఇంజను తిన్నది గూడ అదే."

అన్న ఇంజను దగ్గరికి పోయి ఆపేశాడు. పేపరు ముక్క ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆయన పిచ్చి మీద నేను నీళ్ళు చల్లాలనే వచ్చాను, నిజమే. కానీ ఆ క్షణం ఆయన మాటే నిజమై, నా పుస్తకాలన్నీ అబద్ధమైతే ఎంత బాగుండు అనిపించింది. అంత ఏడుపు గెలుపు నా జన్మలో మళ్ళీ రాలేదు.

ఇప్పటికీ ఏడాదికోసారి ఎవరో ఒకరు నీళ్ళతో కారు నడిపానంటూ పేపరుకెక్కుతారు. పిల్లలు కత్తిరించి తెచ్చి నా బల్ల మీద పెడతారు. తీగ తీసి చూడమనండి, అంటాను. ఆ మాట అక్కడితో ఆపేస్తాను. ఏ ఊరి నీళ్ళో కూడా అడగమనండి అని నోటిదాకా వస్తుంది, అనను.

ఆ రోజు చివరికి నోరు విప్పింది నాయిన. "తోడితే పోదా బిడ్డా?"

ఎంత మాటకైనా తడుముకోని నేను నీళ్ళు నమిలాను. "తోడిన కొద్ది అదే ఊరుతది నాయినా. ఊటే అది."

ఆయన తలూపాడు. మిరుగం సంగతి ఎత్తలేదు, గోదాము సంగతీ ఎత్తలేదు. పొలం గట్టున కొట్టి పడేసిన తుమ్మకంప ఈడ్చుకొచ్చి బావి మెట్లకు అడ్డంగా వేశాడు, బర్రెలు దిగకుండా. అన్న వెళ్ళి ఇంకో కంప తెచ్చాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మోశారు.

వదిన పళ్ళెం తీసుకుంది. అందులో నీళ్ళు పారబోసి, కడగడానికి అలవాటుగా బావి వైపు రెండడుగులు వేసి, కంప చూసి ఆగింది. తిరిగి వచ్చి, మాకు తాగడానికి చేతిపంపు దగ్గర నింపుకొచ్చిన బిందె వంచి పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసింది. కడుగుతుందనుకున్నాను. కడగలేదు. పళ్ళెం తెచ్చి నా ముందు నేల మీద పెట్టి, అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

"టీచరమ్మా, పిల్లలు తాగేటియి ఇవి. ఇవి గూడ అదే భూమిలకెళ్ళి వస్తయి గద. జెర అంటుబెట్టి సూడు."

పెట్టెలో పుల్లలు ఇంకా చాలానే ఉన్నాయి. కాలు గాలిన పిల్లిని నేను, ఎక్కడికీ కదలలేక అక్కడే నిలబడ్డాను.