బిషప్‌గారి బీరువాలో మిగిలిన ఉత్తరం

కిల్‌బ్రైడ్ ఊళ్లో చర్చి గుడ్డలు ఎవరు ఉతికినా ఊనా మోరన్ ఉతికినట్టు ఉండవని అందరూ ఒప్పుకునేవాళ్లు. పీఠం మీద పరిచే నార గుడ్డల్ని ఆమె ముందు మంచినీళ్లలో జాడించి, ఆ నీళ్లని కాలువలో పారబోయకుండా గులాబీ మొక్కల మొదట్లో పోసేది. పూజలో ద్రాక్షరసం తుడిచిన గుడ్డలు కదా, ఆ తడి మురికిలో కలవకూడదు. తర్వాత ఉడకబెట్టి, గంజి పెట్టి, ఆరీ ఆరకముందే ఇస్త్రీ చేసి, విప్పితే సరిగ్గా తొమ్మిది గళ్లు కనిపించేలా మడిచేది. యాభై ఏళ్లు చేసిందా పని. గుడ్డ మీద మరక పడుతుందేమోనని ఊరంతటికీ అంత జాగ్రత్త. ఆ గుడ్డలు దాచే గదిలో, పూజయ్యాక గడియ వేసుకుని ఫాదర్ క్విలన్ పిల్లల్ని ఏం చేస్తున్నాడన్న విషయంలో మాత్రం ఎవరికీ ఏ జాగ్రత్తా లేకపోయింది.

ఊనా పాడి రైతు కూతురు. తొమ్మిది మంది పిల్లల్లో ఎనిమిదోది. కన్య స్త్రీల బడిలో చదువుకుంది. అక్కడ ఆమెకి అబ్బినవి రెండు: ముత్యాల్లాంటి చేతిరాత, ఫాదర్ గదిలోకి రాగానే లేచి నిలబడటం. పాల ఫ్యాక్టరీలో పనిచేసే లెస్ మోరన్‌ని పెళ్లాడింది. లెస్ రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఐదుగురు పిల్లలు. మూడోవాడు కీరన్.

ఫాదర్ క్విలన్ కిల్‌బ్రైడ్‌కి ఫుట్‌బాల్ చంకన పెట్టుకుని వచ్చాడు. ఊరు అప్పుడే ఆయన మాయలో పడిపోయింది. ఎర్ర కారులో మగపిల్లల్ని సముద్రానికి తీసుకెళ్లేవాడు. రోజుకొక ఇంట్లో రాత్రి భోజనం. ఆయనకి వేయించిన గొర్రె మాంసంలో ఎవరు మంచి ముక్క వేశారు, ఎవరింట్లో రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు అని ఆడవాళ్లు వారం రోజులు చెప్పుకునేవాళ్లు. ఊనా ఇంట్లో బంగారు అంచు పళ్లాలు ఆరు ఉండేవి. సొంత అత్తగారు వచ్చినా వాటిని బయటికి తియ్యలేదు. ఫాదర్ కోసం తీసింది.

కీరన్ పూజలో ఫాదర్‌కి సాయం చేసే పిల్లల్లో ఒకడు. పదకొండేళ్లవాడు. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది ఆగస్టులో ఒక మధ్యాహ్నం తల్లి ఇస్త్రీ చేస్తుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, నేనింక పూజకి సాయం వెళ్లను."

"ఏం, కాళ్లు నొప్పులా?"

వాడు చెప్పాడు. మూడు వాక్యాల్లో చెప్పాడు. అంతకు మించి ఆ వయసు పిల్లాడికి మాటలు తెలియవు.

ఊనా ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వాడి చెంప ఛెళ్లుమనిపించింది. "ఏ నోటితో దివ్యప్రసాదం తీసుకుంటున్నావో అదే నోటితో ఇంత మాటా?" అంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఫాదర్ మీద అబద్ధం చెప్పడం మహాపాపం కాబట్టి, శనివారం వాణ్ని పాపసంకీర్తనానికి పంపింది. చేసిన పాపం చెప్పుకుని క్షమాపణ అడిగి రమ్మంది. ఊళ్లో పాపాలు వినే ఫాదర్ ఒక్కడే. పాపాలు చెప్పుకునే గూట్లో, చెక్క జల్లెడకి అవతల కూర్చున్నవాడి పేరు క్విలన్. ఏ తల్లికైనా ఈ ఆలోచన వస్తుందా? కిల్‌బ్రైడ్ తల్లికి వస్తుంది. అక్కడ అందరం అలాగే పెరిగాం. పిల్లాడు మోకాళ్ల మీద కూర్చుని, తనని పాడుచేసినవాణ్ని, ఆ సంగతి బయటపెట్టినందుకు క్షమించమని వేడుకున్నాడు. ఆ మహానుభావుడు క్షమించాడు కూడా. పాపపరిహారంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకుంటే చాలన్నాడట. ఎంత ఉదారుడో చూడండి.

లెస్ మాత్రం కొడుకు ముఖం చూశాడు. ఒక్క మాట అడగలేదు. సోమవారం ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, పెళ్లినాటి సూటు తొడుక్కుని, డెబ్బై మైళ్లు బండి నడుపుకుంటూ బిషప్ బంగళాకి వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి బూట్లు విప్పుతూ, "కనుక్కుంటానన్నాడు" అన్నాడు.

బిషప్ ఎలా కనుక్కున్నాడంటే, క్విలన్‌కి ఫోన్ చేశాడు. గురువారం పొద్దున్నే క్విలన్ ఊనా వంటింట్లో ఉన్నాడు. అప్పుడే పొయ్యిలోంచి దించిన స్కోన్ రొట్టెలు రెండు విరిచి, జామూ మీగడా దట్టంగా పూసుకుంటూ, "లెస్ తొందరపడ్డాడు ఊనా. నాకేం కోపం లేదు. కానీ చర్చికి మచ్చ వస్తుంది కదా. నువ్వొక ముక్క రాసెయ్యి. చేతిరాత బాగుంటుంది నీది" అన్నాడు. ఆయన చెప్పాడు, ఆమె రాసుకుంది. ఆయన వెళ్లాక, మంచి కాగితం మీద తప్పుల్లేకుండా మళ్లీ రాసింది. ఒకసారి చూసి తానే పంపుతానన్నాడు కాబట్టి కవరు అంటించలేదు. సాయంత్రానికి ఉత్తరం ఫాదర్ ఇంటికి చేరింది.

లెస్ ఆ తర్వాత చర్చి గడప తొక్కలేదు. ఆదివారం పెళ్లాం పిల్లల్ని దింపి, బయట బండిలోనే కూర్చుని గుర్రప్పందేల పేజీ చదువుకునేవాడు. పదమూడేళ్లు, చచ్చిపోయేదాకా, ఎండలోనూ వానలోనూ అంతే. అతనికి విశ్వాసం తక్కువని ఊరంతా అనుకుంది.

మరుసటి ఏడు క్విలన్‌ని వేరే ఊరికి మార్చారు. వీడ్కోలు టీ పార్టీకి ఊనా నాలుగు డజన్ల లామింగ్టన్ కేకులు చేసింది. ఆ ఊరి నుంచి మరో ఊరికి, అక్కడి నుంచి ఇంకో ఊరికి మార్చారు. ప్రతి ఊళ్లోనూ ఒక బడి ఉంది. తొంభై నాలుగులో పోలీసులు పట్టుకునేటప్పటికి బయటపడ్డ పిల్లలు పదిహేడు మంది. క్విలన్ జైల్లోనే పోయాడు. అప్పుడు కిల్‌బ్రైడ్ ఆడవాళ్లు కళ్లొత్తుకుంటూ, "పాపం బిషప్‌గారు! ఈ వార్త విని ఎంత కుమిలిపోయారో!" అన్నారు. పదిహేడు మంది తల్లుల గురించి అనుకోవడానికి వాళ్లకి తీరిక చిక్కలేదు.

కీరన్ అప్పటికి ఎప్పుడో వెళ్లిపోయాడు. పదిహేడో ఏట ఇల్లు వదిలి, ఎడారి దారుల్లో మూడు పెట్టెలు లాగే పెద్ద లారీలు తోలాడు. తండ్రి అంత్యక్రియలకి వచ్చి, సమాధి దగ్గర నిలబడి, టీకి ఉండకుండా వెళ్లిపోయాడు. ఊనా నెలకో ఉత్తరం రాసేది. క్రిస్మస్‌కి ఒక కార్డు వచ్చేది, అందులో సంతకం తప్ప ఇంకేం ఉండేది కాదు. తొంభై నాలుగు నుంచీ ఆమెకి అన్నీ తెలుసు. తెలిసీ చర్చి గుడ్డలు ఉతుకుతూనే ఉంది. ఆ పని మానేస్తే చేతులు ఏం చేసుకోవాలో ఆమెకి అర్థం కాలేదు. తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా శనివారం రాగానే గంజి కాచేది.

కీరన్ యాభై రెండో ఏట చర్చి మీద కోర్టుకెళ్లాడు. పదవి దిగిపోయిన బిషప్ అప్పటికి సముద్రం కనిపించే వృద్ధాశ్రమంలో నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. తొంభై మూడుకి ముందు క్విలన్ మీద ఒక్క ఫిర్యాదు కూడా తన చెవిన పడలేదని ప్రమాణం చేసి రాసిచ్చాడు. అది పేపర్లో పడింది, ఊనా చదివింది. పాత కాగితాలేవీ అని కోర్టు అడిగితే, వరదలో పోయాయన్నారు. బిషప్ ఆఫీసు గుట్ట మీద ఉంది. వరద అంత ఎత్తు ఎక్కి, చూసి చూసి ఆ కాగితాలనే ఎత్తుకెళ్లిందన్నమాట.

ఆ వారంలోనే బిషప్ ఆఫీసు నుంచి ఫాదర్ హోగర్టీ బేకరీ కేకు పట్టుకుని ఊనా ఇంటికొచ్చాడు. ఊనా మోరన్ ఇంటికి బేకరీ కేకు! ఎనభై ఒక్కేళ్ల ముసలమ్మ అలవాటు కొద్దీ లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా, కూర్చోండి. మీలాంటివాళ్లే మా చర్చికి అండ."

"టీలో పంచదార ఎంత వెయ్యను ఫాదర్?"

"రెండు చాలు. ఇదిగో, ఈ చేతిరాత మీదేనా?" అంటూ ఒక జిరాక్స్ కాగితం ముందు పెట్టాడు.

ఊనా చూసింది. నలభై ఏళ్లు దాటినా ఆ గుండ్రటి అక్షరాలు గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టలేదు.

"నాదే."

"ఆ మాట కోర్టుకొచ్చి చెప్తే చాలు. కీరన్‌కి చిన్నప్పట్నుంచీ ఇలాంటి... ఊహలు అలవాటని చెప్పడం, మిగతాది లాయర్లు చూసుకుంటారు. మీకేం శ్రమ ఉండదు, కారు పంపుతాం."

"కాగితాలన్నీ వరదలో పోయాయన్నారే?"

"దేవుడి దయ. ఇదొక్కటీ బిషప్‌గారి సొంత బీరువాలో భద్రంగా ఉందమ్మా."

ఊనా కాగితం దగ్గరగా పెట్టుకుని చదివింది. "పూజ్యులైన బిషప్‌గారికి. పద్నాలుగో తేదీ సోమవారం నా భర్త మీ దగ్గరికి వచ్చి, ఫాదర్ క్విలన్ మా అబ్బాయి కీరన్‌ని చెరిచాడని చెప్పిన మాట అబద్ధం. మా వాడు అబద్ధాలకోరు. పాపసంకీర్తనంలో ఒప్పుకున్నాడు కూడా. మమ్మల్ని క్షమించండి." పైన తేదీ ఉంది: ఆగస్టు పదిహేడు, పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది. పక్కన వేరే సిరాతో "చూశాను, దాచండి" అని బిషప్ పొట్టి సంతకం ఉంది.

రెండోసారి చదివింది. తొంభై మూడు దాకా ఏమీ తెలియదన్నవాడి సంతకం డెబ్బై ఎనిమిదిలో ఉంది.

"కళ్లు సరిగా ఆనట్లేదు ఫాదర్," అంది అమాయకంగా. "ఇది ఉంచి వెళ్తారా? పొద్దున వెలుతురులో నిదానంగా చదువుకుంటాను."

"దాందేముందమ్మా, ఉంచుకోండి" అని, టీ తాగి, ఆమెని దీవించి మరీ వెళ్లాడు. పెద్ద చదువులు చదివి వచ్చినవాడు అలా పప్పులో కాలేశాడు. యాభై ఏళ్లుగా వాళ్లకి ఊనా అంటే ఇస్త్రీ చేసే రెండు చేతులు. ఆ చేతుల పైన ఒక తల ఉందనీ, అది తేదీలు చదవగలదనీ ఎవరికీ తట్టలేదు.

ఊనా కాగితాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఇది కీరన్ లాయరుకి ఇస్తే బిషప్ దొరికిపోతాడు. కానీ నిండు కోర్టులో కీరన్ ముందు దీన్ని చదువుతారు. "మా వాడు అబద్ధాలకోరు." చెంపదెబ్బ వాడికి తెలుసు. శనివారం సంగతీ తెలుసు. కానీ కన్నతల్లి సంతకం పెట్టి మరీ ఇలా రాసిచ్చిందని తెలిస్తే, ఏడాదికొకసారి వచ్చే ఆ కార్డు కూడా ఇక రాదు. పొయ్యిలో పడేస్తే ఎవరికీ తెలియదు. కనిపించలేదనో, పారేశాననో చెప్తే హోగర్టీ నమ్ముతాడు. ముసలిదాని మాట కదా.

మర్నాడు చర్చి గుడ్డల బుట్ట గుమ్మం ముందుకొస్తే, ఉతక్కుండానే తిప్పి పంపింది. నగరానికి వెళ్లే పదింటి బస్సెక్కింది.

కీరన్ లాయరు నడీన్ అని ఒక చిన్నపిల్ల. కాగితం చదివి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మా, ఇది మీకెలా వచ్చింది?"

"వాళ్లే ఇచ్చారు."

"వాళ్లే?"

"కేకు కూడా ఇచ్చారు. బాగోలేదు."

కోర్టులో బిషప్ వీడియోలో కనిపించి, పదకొండుసార్లు గుర్తులేదన్నాడు. అప్పుడు నడీన్ ఉత్తరం బయటికి తీసింది. ఊనాని బోనులోకి పిలిచి, గట్టిగా చదవమంది. ఊనా చదివింది. రెండో వరుసలో కీరన్ తల వంచుకుని కూర్చున్నాడు, తండ్రిలాగే భుజాలు వంగిపోయాయి. అతనివైపు చూసే ధైర్యం ఆమెకి లేకపోయింది.

చర్చి లాయరు లేచాడు. "కన్నకొడుకు అబద్ధాలకోరని మీరే రాశారు కదా?"

"రాశాను. ఫాదర్ చెప్తుంటే రాశాను. ఆయన నా స్కోన్‌లు తింటూ చెప్పాడు. అందులో నిజం ఒక్కటే, నా సంతకం. మా వాడు చెప్పింది నిజం."

"ఈ ఉత్తరం బిషప్‌గారికి అందిందని మీకెలా తెలుసు? పోస్టు చేసిన రుజువుందా?"

"లేకపోతే ఆయన బీరువాలోకి తనే నడిచి వెళ్లిందా? పోస్టు చెయ్యలేదు. ఫాదర్ ఇంటికి పంపాను."

"ఎవరితో?"

ఊనా బోను కర్ర పట్టుకుంది. నలభై ఏళ్లలో ఈ ప్రశ్న ఆమెని అడిగినవాళ్లు లేరు. తనని తాను కూడా అడగలేదు. జడ్జి రెండుసార్లు చెప్పమన్నాక, "కీరన్‌తో పంపాను" అంది.

మధ్యాహ్నం విరామంలో చర్చి లాయర్లు తేలు కుట్టిన దొంగల్లా గోడవారన చేరి ఫోన్లు చేసుకుంటున్నారు. రాజీకి వస్తున్నారని చెప్పి నడీన్ లోపలికి పరుగెత్తింది. వరండాలో బెంచీ మీద ఊనా ఒక్కతే కూర్చుంది. కీరన్ వచ్చి, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. గడ్డం నెరిసిపోయింది.

"నీకిది తెలియనివ్వకూడదనుకున్నాన్రా," అంది ఊనా.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"కవరు అంటించలేదు నువ్వు. దారిలో పాల ఫ్యాక్టరీ గోడ దగ్గర కూర్చుని చదివాను."

ఊనా అతనివైపు తిరిగింది. "చదివీ... మరి చించి పారెయ్యలేదేంరా? ఎందుకు తీసుకెళ్లి ఇచ్చావ్?"

కీరన్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఇచ్చి రమ్మన్నావు కదమ్మా."