ఆఖరి రీలుకు ముందే

మొన్న ఆదివారం సాయంత్రం మా వరండాలో సినిమాల మీద వాదన జరిగింది. మా వరండా అన్నాను గానీ అది మాది కాదు, మార్కాపురంలో మేము అద్దెకున్న ఇంటిది. ఇంటి యజమాని పలకల వ్యాపారం చేసి విరమించుకున్న భాయ్. పై అంతస్తులో ఉంటాడు. పొద్దు వాలాక కిందికి దిగి మాతో కాసేపు కూర్చోవడం ఆయనకు అలవాటు. తన సొంత ఇంటి వరండాలో కూర్చోవడానికి ఆయనకు నా అనుమతి అక్కర్లేదు. అయినా ప్రతిసారీ మెట్ల దగ్గర ఆగి, రావచ్చునా అన్నా అని అడుగుతాడు. ఆయన అట్లా అడగడం నాకు ఇష్టం. ఇష్టమని ఆయనకూ తెలుసు. ఆ రోజు ఎదురింటి టీచరమ్మ కూడా వచ్చింది. ఆమెది మా ఊరే, కొమరోలు దాటి లోపలికి పోతే తగిలే పల్లె. వాళ్ళ నాయన మా ఊరి మిషన్ బడిలో పంతులు. ఆమె కూడా టీచరయి, రిటైరయి, ఇక్కడ సొంత ఇల్లు కట్టుకుంది. చిన్నప్పుడు నన్ను చిన్నయ్యా అని పిలిచేది. ఇప్పుడు అన్నా అంటుంది. మొదట్లో ఆ కొత్త పిలుపు నా చెవికి గరుకుగా తగిలింది. ఇది రాయడానికే నాకు సిగ్గుగా ఉంది, కానీ ఇంతకంటే సిగ్గుపడవలసినవి ముందున్నాయి.

వాదన మా కోడలి వల్ల వచ్చింది. ఆమె ఫోనులో ఏదో కొత్త సినిమా చూస్తూ ఒక్కతే నవ్వుకుంటుంటే భాయ్ ఊరుకోలేకపోయినాడు. కామెడీ గురించి ఆయనది సూటి సిద్ధాంతం. "మనిషి పడాలమ్మా. బురదలోనో, బావిలోనో, పిండి బస్తాలోనో, యాడో ఒక చోట పడాల. పడకపోతే అదేం కామెడీ?" టీచరమ్మ ఒప్పుకోలేదు. పడితే పిల్లలు నవ్వుతారు గానీ పెద్దవాళ్ళు నవ్వాలంటే మాటకు మాట తగలాలి అని, మొగుడూ పెళ్ళాల కీచులాటల సినిమాలు నాలుగు వరసపెట్టి చెప్పింది. భాయ్ ఆ నాలుగింటిలోనూ ఎవరు ఎక్కడ పడినారో గుర్తుచేసి ఆమెను ఓడించినాడు. అప్పుడు కోడలు నా వైపు తిరిగి, "మీకు ఏది ఇష్టం మామయ్యా?" అంది. అడగకుండా ఉంటే బాగుండేది. నేను గొంతు సవరించుకున్నాను. హాస్యమనేది గౌరవం తప్పకుండా ఉండాలని, ఈ కాలంలో అది ఎవరికీ చేతకాదని, నా చిన్నప్పుడు వచ్చిన ఫలానా సినిమాలాంటిది మళ్ళీ రాలేదని చెప్పినాను. అందులో ఒక పెద్ద రైతు ఉంటాడు, చుట్టూ అందరూ కోతిచేష్టలు చేస్తుంటే ఆయన ఒక్కడే మనిషిలాగా నిలబడతాడు, అదీ సినిమా అంటే, అన్నాను. భాయ్ మీసం రుద్దుకున్నాడు. టీచరమ్మ చీర కొంగు సర్దుకుంది. నా మాటకు తిరుగులేదనుకున్నాను.

ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళు వెతికి చూస్తారు. చూడకపోతేనే నాకు మంచిది.

మేము సినిమాలు చూసిన పద్ధతి చెప్పకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. పంటలు ఇంటికి చేరినాక కొమరోలు శివార్లలో టూరింగ్ టాకీసు డేరా వేసేవారు. మా ఇంటి నుంచి ఎడ్లబండిలో పోయేవాళ్ళం. మా కుర్చీలు మాకంటే ముందే జీతగాళ్ళ నెత్తిన పోయేవి. నేల టికెట్టు జనం ఇసుకలో కూర్చుంటే, వాళ్ళందరికీ ముందు, తెరకు మరీ దగ్గర కాకుండా, మా కుర్చీలు వరసగా వేసేవారు. వేరుశనక్కాయల పొట్టు, బీడీ పొగ, తడిపిన ఇసుక, జనరేటరు నూనె, అన్నీ కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా ఒళ్ళు పులకరిస్తుంది. వార్తల రీలు అయిపోయినాక గానీ మేము లోపలికి అడుగుపెట్టేవాళ్ళం కాదు. ముందే వచ్చి కూర్చుంటే సినిమా కోసం మొహం వాచినట్టు ఉంటుందని తాత పెట్టిన నియమం. ఆయన పెట్టిన రెండో నియమం ఇంకా కఠినమైనది. ఆట విడిచేటప్పుడు జరిగే తోపులాటలో మా ఇంటి ఆడవాళ్ళు ఉండకూడదు. కాబట్టి ఆఖరి రీలుకు ముందే మేము లేవాలి. డేరాలో ఒకటే మిషను. ఒక రీలు అయిపోగానే దీపాలు వెలిగేవి, ఇంకో రీలు ఎక్కించేదాకా ఆట ఆగేది. ఆఖరిసారి దీపాలు వెలిగినప్పుడు నాయన లేచి నిలబడేవాడు. మేమంతా లేచేవాళ్ళం. కుర్చీలు మళ్ళీ నెత్తికెక్కేవి. జనం కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేవారు. మా బండి కదిలేదాకా ఆపరేటరు ఆఖరి రీలు వేసేవాడు కాదు.

అట్లా నా చిన్నతనంలో ఒక్క సినిమాకు కూడా ముగింపు చూడలేదు. అది లోటని అప్పట్లో తోచలేదు. గొప్పతనంలో ఒక భాగమనుకున్నాను. బడిలో పిల్లలు చివర్లో జరిగింది చెప్పుకుంటుంటే విననట్టు ఉండేవాణ్ణి. అడిగితే మాకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. ముగింపులు మాకు అమ్మ చెప్పేది. బండిలో చెల్లెళ్ళను ఒళ్ళో పడుకోబెట్టుకుని, తను చూడని ఆఖరి రీలును కళ్ళారా చూసినట్టు చెప్పేది. అమ్మ ముగింపుల్లో చెడ్డవాళ్ళు కూడా చివరికి అందరితో పాటు బంతిలో కూర్చుని అన్నం తినేవాళ్ళు. నేను చెబుతున్న సినిమా చూసిన రోజు బండి వాగు దాకా వచ్చినా వెనక నుంచి డేరాలో నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. నాయన తల తిప్పకుండా, "సినిమా కడదాకా బాగున్నట్టుందే" అన్నాడు. అమ్మ మాత్రం, ఆ పెద్ద రైతును ఊరంతా దండవేసి పెళ్ళిపందిట్లో ముందు వరసలో కూర్చోబెట్టినారని చెప్పింది.

ముందు వరస అని ఎందుకంటే, ఆ పాత్రకు ఒక మాట ఉంది. ఎక్కడికి పోయినా కండువా ఎడమ భుజం మీదికి విసిరి, కుర్చీ లాక్కుని, "మేము కూర్చున్నదే ముందు వరస" అంటాడు. నాయనకు ఆ మాట నచ్చింది. మొదట ఇంట్లో అన్నాడు. తరువాత పంచాయతీలో, పెళ్ళిళ్ళలో, గిద్దలూరు బస్సులో వెనక సీటు దొరికినప్పుడు కూడా అన్నాడు. కండువా విసరడం కూడా నేర్చుకున్నాడు. బావులు ఎండిపోయి, పొలాలు ఒక్కొక్కటే చేతులు మారుతున్న ఆ సంవత్సరాల్లో, నాయన ఆ మాట అంటే జనం తలలు దించుకునేవాళ్ళు. ఆ దించిన తలలను చూసి నా ఛాతీ పొంగేది. నాయన పోయినాక ఆ మాటకు నేనే వారసుణ్ణయినాను. పొలంలో నా వాటాకు పెద్దగా ఏమీ రాలేదు గానీ అది వచ్చింది. ఈ వీధికి వచ్చినప్పటి నుంచి ఎన్నిసార్లు అన్నానో, అన్నప్పుడల్లా భాయ్ ఎంత మర్యాదగా గోడ వైపు చూసినాడో, ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి.

ఆ సాయంత్రం మా కోడలు ఫోనులో ఆ సినిమా వెతికి పట్టుకుంది. టీవీకి కలిపి, రండి మామయ్యా, మీ సినిమా చూద్దాం, అంది. ఎంతసేపని చూస్తాం, ఇంకోరోజు చూద్దామని టీచరమ్మ రెండుసార్లు అంది. పాత సినిమా, బొమ్మ సరిగా ఉండదని భాయ్ అన్నాడు. వాళ్ళకు ఓపిక లేదనుకున్నాను. ముందు గదిలో టీవీకి ఎదురుగా నా పేము కుర్చీ లాక్కుని, భుజం మీది తువ్వాలు సరిచేసుకుని, ముందు వరస అన్న నాయన మాట పలికి కూర్చున్నాను.

బొమ్మ బాగానే ఉంది. నాకు గుర్తున్నదంతా ఉంది. ఆ రైతు నడక, ఆ కండువా, ఆ కనుబొమలు. చూస్తూ చూస్తూ నాకు తెలిసిన చోటు దాటిపోయిందని నాకు తెలియలేదు. పెళ్ళిపందిరి వచ్చింది. రైతు వచ్చినాడు. కండువా విసిరి, అందరికంటే ముందు కుర్చీ వేసుకుని, తన మాట పలికి, కళ్ళు మూసుకుని మీసం దువ్వుకుంటున్నాడు. ఈ లోపల పెళ్ళికొడుకు వైపు వాళ్ళు, దిక్కు కుదరలేదని, పీటలు ఎత్తి పందిరి రెండో కొసకు మార్చినారు. జనమంతా చప్పుడు చేయకుండా చాపలు తిప్పుకుని అటు కూర్చున్నారు. ఆయన కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పేడ అలికిన గోడ, దానికి కట్టేసిన ఒక మేక. వెనక మేళం మోగుతోంది, తాళి కడుతున్నారు. ఆయన వెనక్కి తిరిగి చూడటానికి గౌరవం ఒప్పుకోక, ఆ మేక మీదే అక్షింతలు వేసినాడు.

నేను నవ్వినాను. ఎంత నవ్వినానంటే, కళ్ళవెంట నీళ్ళు వచ్చినాయి. పెద్దగా నవ్వడం మా ఇంట్లో లేదు, ఆ పూట నేను కుర్చీ చేతులు చరిచి నవ్వినాను. నవ్వి, పక్కకు చూసినాను. పడితేనే కామెడీ అన్న భాయ్ తన చెప్పుల వైపు చూస్తున్నాడు. టీచరమ్మ కొంగు అంచును వేలికి చుట్టుకుంటోంది. కోడలు ఒక్కతే నవ్వబోయి, వాళ్ళను చూసి ఆగింది. తెర మీద మేక అక్షింతలు నాకుతోంది. నాకు అప్పుడు అర్థమయింది. పందిట్లో కూర్చున్నది నాయన.

భాయ్ మొదట లేచినాడు. నమాజు వేళయిందని చెప్పి పైకి పోయినాడు. కోడలు లోపలికి పోయింది. టీచరమ్మ మాత్రం కూర్చునే ఉంది. ఊరంతా నవ్వేదా అని అడిగినాను.

"మొదట్లో నవ్వేవాళ్ళన్నా. మీరు లేచి పోయినాక మేమంతా మీ కుర్చీలు ఉన్న చోటికి జరుగుతాంటిమి. ఆడనుంచి బొమ్మ బాగా కనపడేది. ఆ రీలు అందరం చూసినాం గదా. మీ నాయన అదే మాట మొదలుపెట్టేసరికి, ముందు ఈయనకు తెలిసే మమ్మల్ని నవ్వించడానికి అంటాండాడేమో అనుకున్నాం."

"ఎవరూ చెప్పలేదేం?"

"మా నాయన చెబుదామని మీ ఇంటికి వచ్చినాడు. నేనూ వెంట వచ్చినా. అమ్మగారు వసారాలోనే ఆపింది. నాకు తెలుసు పంతులుగారూ, చాకలామె చెప్పింది, ఆయనకు మాత్రం చెప్పొద్దు అనింది. ఇప్పుడు ఆ మాట అనేటప్పుడు ఒక్కటే ఆయన నడుము నిలబడతాంది, దాన్ని ఉండనియ్యండి అనింది. మా నాయన మరుసటి ఆదివారం చర్చిలో అందరికీ చెప్పినాడు, ఆయన ముందర నవ్వొద్దని. బడిలో మాకూ చెప్పినాడు. నవ్వు ఆగకపోతే తల దించుకోమన్నాడు."

నా ఛాతీని పొంగించిన ఆ తలలన్నీ పంతులుగారు దించమంటే దించినవి. నాయన ఆ మాట అన్నప్పుడల్లా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మొగుడి గొప్పతనానికి మురిసిపోతోందనుకునేవాణ్ణి. దండవేసిన ముగింపును ఆమె ఆ రోజు బండిలో ఏమీ తెలియక కల్పించింది. తెలిసిన తరువాత, బతికినన్నాళ్ళూ దాన్ని మార్చకుండా కాపాడింది. మా పొలాల్లో కూలికి వచ్చిన వాళ్ళు, డేరాలో కాళ్ళు ముడుచుకుని మాకు దారి ఇచ్చిన వాళ్ళు, ఆమెతో కలిసి కాపాడినారు. వాళ్ళు నవ్వినందుకు నాకు కోపం లేదు. నవ్వకుండా ఉన్నందుకే తల ఎత్తలేకుండా ఉన్నాను.

నన్నూ అట్లాగే చూసుకున్నావా అని టీచరమ్మను అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఆమె వెళుతూ, "టీ పెట్టమని చెప్తా కోడలికి. తాగి పడుకో అన్నా" అంది. ఆ పిలుపు ఈసారి నాకు ఎక్కడా గరుకుగా లేదు. అట్లా పిలిపించుకోవడానికి నాకేం అర్హత ఉంది అనిపించింది.

నాయన ఇది తెలియకుండానే పోయినాడా అన్న ఒక్క సంగతే నన్ను వదలడం లేదు. తెలియదనే నమ్ముతాను, నమ్మకపోతే అన్నం దిగదు. డేరాలో దీపాలు వెలిగినప్పుడు అందరికంటే ముందు లేచి నిలబడిన నాయనను ఈ నాలుగు రోజులుగా తలచుకుంటున్నాను. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. ఇప్పుడు ఆయన నా కళ్ళకు నా కొడుకు ఈడువాడిలాగా కనిపిస్తాడు. నలుగురిలో కొడుకు నవ్వులపాలవుతుంటే పిలిచి చెప్పలేని తండ్రికి ఎట్లా ఉంటుందో, కాలం నన్ను మా నాయనకంటే పెద్దవాణ్ణి చేసి మరీ చూపించింది.