సారు లేరని చెప్పే మనిషి

మా ఎదురు వాటా ఆవిడ పత్రికాఫీసులో ఫోనెత్తే మనిషి. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక రెండు గదుల్లో ఒక్కతే. "సెలవొస్తే సాయంత్రం దాకా నోరు తెరిచే పనుండదు వదినా" అనేది.

ఊళ్లోవాళ్ల గుట్టు రట్టు చెయ్యడమే ఆ పత్రిక వ్యాపారం. పొద్దున ఎవరి పరువు తీస్తే వాళ్ల తాలూకువాళ్లు మధ్యాహ్నానికి దిగేవారు. పైనుంచి ఇంటర్‌కమ్ రెండుసార్లు మోగిందంటే సారు లేరని చెప్పాలి. "మేడ మీద కాఫీ తాగుతూనే ఊళ్లో లేకుండా పోతారు, ఏం విద్యో" అని నవ్వేది.

ఒకసారి ఆసుపత్రి మందులు దొంగిలించి అమ్ముకున్న నర్సంటూ వేరే నర్సు ఫొటో వేశారు. ఆ పిల్ల తండ్రి, రిటైరైన బస్సు డ్రైవరు, వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ వారమంతా వచ్చాడు. వెళ్లేటప్పుడల్లా ఇంటి గుర్తులు చెప్పి వెళ్లేవాడు, ఎవరైనా వస్తారేమోనని.

"డబ్బులొద్దు తల్లీ. పొరపాటైందని ఎవరో ఒకరు మా ఇంటికొచ్చి అమ్మాయితో అంటే చాలు. గది తలుపు తియ్యడం లేదు."

ఇంటర్‌కమ్ రెండుసార్లు మోగింది. ఈవిడ, "ఉన్నారు బాబాయిగారూ. మెట్లెక్కండి, కుడిచేతి గది" అంది.

సారు, అదే ఎండీ గారు, ఎడిటర్ని అడగమన్నాడు. ఎడిటరు ఆ ఫొటో పడ్డ రోజు సెలవులో ఉన్నానన్నాడు. రాసినవాడు మానేశాడన్నారు. ముసలాయన దిగొచ్చి, "మర్యాదగానే మాట్లాడారమ్మా. కుర్చీ కూడా వేశారు" అని వెళ్లిపోయాడు.

మర్నాడు వాచ్‌మన్ ఈవిణ్ణి గేటు దగ్గరే ఆపేశాడు.

"ఎవరు చెప్పార్రా?"

"పైనుంచి, అక్కా."

"పైనంటే? దేవుడా?"

వాడు తల గోక్కున్నాడు.

అట్నుంచటే డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. మూసిన గది తలుపు ముందు నిలబడి, "అమ్మా, మా పత్రిక తప్పు రాసింది. ఆ దొంగతనం నువ్వు చెయ్యలేదు" అంది.

లోపల్నుంచి, "మీరెవరు?"

"అక్కడ ఫోనెత్తేదాన్ని. నిన్నటిదాకా."

"మీరు చెబితే అచ్చేస్తారా?"

"వెయ్యరమ్మా."

తలుపు తెరుచుకోలేదు. తండ్రి బస్టాపు దాకా వచ్చి సాగనంపాడు.

ఆ సాయంత్రం నాకిదంతా చెప్పి, "ఎవరని అడిగింది వదినా ఆ పిల్ల. ఆ ఆఫీసులో ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు" అంది.

ఆదివారం మళ్లీ బయల్దేరింది. తలుపు బయటే కూర్చుని కాసేపు మాట్లాడి వస్తానంది.