తుంగభద్ర ఇసుకలో గాజురాళ్లు

సముద్రపు ఒడ్డున పగిలిన సీసాల ముక్కలు అలల్లో అరిగి నున్నటి రాళ్లలా దొరుకుతాయని కడపలో మా బడి పిల్లలకు చెప్పాను. "మన ఏట్లో దొరకవా టీచరమ్మా?" అని ఒక పిల్ల అడిగింది. నాకు తెలియదు. ఆ ఏడు పెన్నలో నీటి చుక్క లేదు. తుంగభద్ర మాత్రం ఎండల్లోనూ సన్నగా పారుతుందని విని, ఈస్టరు సెలవుల్లో కర్నూలుకు బయలుదేరాను. ఆడమనిషివి ఒంటరిగా ఎందుకని మా పెద్ద టీచరు వద్దన్నారు. నా సెలవు, నా టిక్కెట్టు అన్నాను.

ఉదయం ఏడింటికి మూడో తరగతిలో ఎక్కితే మధ్యాహ్నం రెండు దాటాక గుంతకల్లు వచ్చింది. అక్కడ చిన్న బండికి మారాలి. బండిలో జొన్నరొట్టె విప్పుకున్నాను. ఎదురుగా బేతంచెర్లలో బండలు కొట్టే పెద్దాయన కూర్చున్నాడు. నా పని విని నవ్వాడు.

"సముద్రం యాడుండాది, కర్నూలు యాడుండాది తల్లీ? గాజుముక్కలకు రైలెక్కినోళ్లను నేను సూడలా."

"ఇప్పుడు చూస్తున్నారుగా" అన్నాను. మూటలోంచి గుప్పెడు చెనిక్కాయలు తీసి నా రొట్టె పక్కన పోశాడు.

ద్రోణాచలంలో మళ్లీ మారి, రాత్రి ఎనిమిదికి కర్నూలులో దిగాను. బస చర్చి పక్కన, బైబిలు చెప్పే శాంతమ్మగారి ఇంట్లో.

మరునాడు పొద్దున ఆరింటికల్లా ఏటికి పోయాను. ఇసుకలో పుచ్చపాదులు వేసిన ఖాసింబీ అనే ముసలామె కాయలు కోస్తోంది. గాజుముక్కల కోసం వచ్చానని చెప్పాను.

"ఇసుకలో యాముండాది? రేవు కాడ బండల సందున గులకరాళ్లుండాయి, ఆడ సూడు" అంది.

రేవులో వంగి ఒక్కో రాయినీ తడిపి చూశాను. పావుగంటకు మొదటిది దొరికింది. ఆకుపచ్చ ముక్క, పైన పాలపొర కట్టినట్టుంది. అంచు వేలికి గుచ్చుకోలేదు.

అప్పుడే స్నానానికి వచ్చిన ఒక పెద్దమనిషి చెంబు కిందపెట్టి అడిగాడు. "ఎవురమ్మా నువ్వు?"

"టీచర్నండి."

"అది కాదు నేనడిగింది."

"క్రైస్తవులం."

"అంతకుముందు ఏమిటో సెప్పు. వద్దులే, తెల్సింది. ఇది మా స్నానాల రేవు. దిగువకు పో."

మా ఊళ్లో మా అమ్మ, ఎవరైనా దయతలచి నీళ్లు పోసేదాకా, బావికి దూరంగా కడవతో నిలబడేది. ఆమె పక్కన నేనూ నిలబడ్డాను. ఇక్కడ నిలబడబుద్ధి కాలేదు. బండమీద కూర్చున్నాను.

"ఎగువన ఈ నీళ్లలో ఎవరెవరు దిగారో కనుక్కుని వచ్చారా?" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. పోలీసును పిలుస్తానన్నాడు. పిలవమన్నాను. ఖాసింబీ గంపతో వచ్చి నా పక్కన చతికిలబడింది.

"ఈ టీచరమ్మ ఈడ్నే కూసుంటాది సామీ. నేనూ కూసుంటా. ఏరు శానా పెద్దది, నువ్వే యాడన్నా మునుగు."

ఆయన చెంబు తీసుకుని నలభై అడుగులు ఎగువకు పోయి మునిగాడు. పోలీసు రాలేదు. ఎండ ముదిరేదాకా, తొమ్మిదింటి వరకు, మేమిద్దరం వెతికాం. ఆకుపచ్చవి పదకొండు, తేనెరంగువి నాలుగు, గాజుల ముక్కలు అరిగినవి గుప్పెడు దొరికాయి. నీలంది ఒక్కటే. అది ఖాసింబీకి దొరికింది, నాకే ఇచ్చింది. అణా పెట్టి కొన్న పుచ్చకాయను బండమీదే పగలగొట్టి పంచుకున్నాం.

తిరుగుబండిలో, ద్రోణాచలం దాకా వచ్చిన ఒకావిడ ఆ నీలం ముక్కను కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది. "యాడ సానబట్టించినారు?" అని అడిగింది. ఏట్లోనే అన్నాను.

వెళ్లదలచిన వారు ఎండాకాలంలో, పొద్దున్నే వెళ్లండి. కాలికి చెప్పులుండాలి, నీళ్లసీసా ఉండాలి. ఒట్టి ఇసుకలో పొద్దుపుచ్చకండి. గాజు ఉన్నది స్నానాల రేవులోనే. ఎవరినీ అడగకుండా దిగండి.