కత్తిరించడం మరిచిన చెయ్యి

సంత్రాగాఛి లోకల్ రైల్లో మన తెలుగువాళ్ళు కనిపిస్తే చాలు, పెళ్ళి వీడియోలు తీస్తానని చెప్పే నా కరపత్రం చేతిలో పెట్టేవాణ్ణి. భర్త పోయిన ఆడవాళ్ళు ఫ్రేములో పడితే, ఎవరూ చెప్పకుండానే కత్తిరించేస్తానని నాకు మంచి పేరు. ఆ పేరుమీదే బేరాలు వచ్చేవి.

ఒకరోజు కిటికీ పక్కన కూర్చున్న బొట్టులేని పెద్దావిడ కరపత్రం అందుకుని, నా మొహం చూసి, చెయ్యి పట్టుకుంది.

"మా పాప పెళ్ళి నువ్వే తీసినావు బాబూ. కేసెట్టంతా ఎతికినాను, నానెక్కడా లేను. పందిరి గుంజ ఎనకాలనుంచి అచ్చింతలేసిన నా సెయ్యొక్కటే ఉంది. అదైనా ఉంచినావు. సల్లగుండు నాయినా."

ఆ చెయ్యి నాకు బాగా గుర్తు. అప్పట్లో కేసెట్టు ఇచ్చేశాక, అయ్యో, అదొక్కటి కత్తిరించడం మర్చిపోయానే అని తల బాదుకున్నాను.